తిరిగి వచ్చే త్రోవ

నలభైమంది ఉన్న తరగతిలో ఒక బాలుడు పాఠం సాగనీయడు. పక్కవానిని కొడతాడు, పుస్తకాలు చింపుతాడు, ఉపాధ్యాయునికి ఎదురు చెప్పుతాడు. అతనిని కొంతకాలం వేరొక చోట ఉంచి చదివించటం న్యాయమేనా? పైకి ఇది బడి నిర్వహణకు సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికి ఇది చాలా పాత ధర్మసంకటం: అనేకుల మేలు కోసం ఒకనిని దూరం చేయవచ్చునా? చేయవచ్చునంటే, ఏ హద్దులో?

ఇంగ్లండులో దీనికొక ఏర్పాటు ఉన్నది. 1993 నాటి విద్యాచట్టం ప్యూపిల్ రెఫరల్ యూనిట్ అనే చిన్న పాఠశాలలకు స్థానం కల్పించింది. అక్కడ గదికి కొద్దిమంది పిల్లలే ఉంటారు. అక్కడ చదువుతూనే బాలుడు తన పాత బడి పట్టీలో కూడా పేరు నిలుపుకొనవచ్చును. ఒక సంవత్సరంలో మొత్తం 45 బడిదినాలకు మించి ఏ విద్యార్థినీ తాత్కాలికంగా పంపివేయరాదు. ఒక విడత ఐదు రోజులు దాటినట్లయితే, ఆరవ రోజునుండి అతని చదువు ఆగకుండా చూడవలసిన బాధ్యత బడిదే. శాశ్వతంగా తొలగింపబడిన పిల్లలు అనేకులు కూడా ఈ చిన్న పాఠశాలలకే చేరుతారు.

ఈ కట్టుబాట్లలో వివేకం ఉన్నది. కాని బయటికి వెళ్ళవలసి వస్తున్నది ఎవరు? ఎడ్వర్డ్ టింప్సన్ 2019లో ఆ దేశ ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ప్రకారం, శాశ్వతంగా తొలగింపబడిన పిల్లలలో 78 శాతం మంది ప్రత్యేక విద్యావసరాలు కలవారో, సంక్షేమశాఖ సహాయం అవసరమైనవారో, బడిలో ఉచిత భోజనానికి అర్హులైన పేదలో అయి ఉన్నారు. దుష్ప్రవర్తన అని మనం పేరు పెట్టినదానిలో ఎంత భాగం అవస్థ, ఎంత భాగం అపరాధం అన్నది ఆ అంకె చెప్పదు. కాని విచారించకుండా తీర్పు చెప్పరాదని మాత్రం హెచ్చరిస్తుంది. చెవి సరిగా వినబడనివాడు మొండివానివలె కనిపించవచ్చు. అక్షరాలు కూడబలుక్కోలేనివాడు, నలుగురిలో చదవమంటే కలిగే అవమానం తప్పించుకొనటానికి అల్లరి చేయవచ్చు. వేరుబడిలోని కొద్ది వారాలు ఈ కారణాన్ని కనిపెట్టటానికి ఉపయోగపడితే, అవి సార్థకమైనట్లే.

అంతకు మించి ఆ కొద్దికాలం ఏమి చేయగలదు? మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఆస్ట్రియాలో ఆగస్ట్ ఐఖ్‌హార్న్ దారితప్పిన పిల్లలను ఒకచోట చేర్చి, వారి ఆగ్రహాన్ని శిక్షించకుండా చల్లారనిచ్చినాడు. 1920లో పోల్తావా సమీపాన మకరెంకో అటువంటి పిల్లలనే శ్రమతో, సమష్టి క్రమశిక్షణతో తీర్చిదిద్దినాడు. ఇద్దరి పద్ధతులూ వేరు. అయినా ఇద్దరూ పిల్లలకు బడితోపాటు ఇల్లు కూడా ఇచ్చినారు. ఉదయం వచ్చి సాయంకాలం వెళ్ళిపోయే తాత్కాలిక పాఠశాల ఆ ఇంటి స్థానాన్ని ఆక్రమించలేదు. అక్కడ పదిమంది నడుమ నెమ్మదిగా ఉన్న బాలుడు, తిరిగి నలభైమందిలోకి వచ్చిన మరునాడే పూర్వపు తీరు చూపవచ్చు. ఏలయన, నడవడి బాలునిలో మాత్రమే ఉండే వస్తువు కాదు. అతనికీ, ఉపాధ్యాయునికీ, తోటివారికీ నడుమ అది పుట్టి పెరుగుతుంది. ఒకరినే మార్చి, తక్కినవారిని ఉన్నచోటనే ఉంచితే పని సగంలో ఆగిపోతుంది.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదవ తరగతి ముగిసేవరకు ఏ బాలునీ బడినుండి తొలగించరాదన్నది. కొట్టటాన్నీ, మానసికంగా వేధించటాన్నీ నిషేధించింది. అయినా తొలగించకుండానే పోగొట్టుకొనే విద్య మన బడులకు తెలియనిది కాదు. కడపటి బెంచీలో కూర్చోబెట్టి, తండ్రిని తీసుకొని రమ్మని పదే పదే పంపితే, కొన్నాళ్ళకు బాలుడే రావటం మానుతాడు. పట్టీలో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. ఇదే చట్టం బడికి దూరమైన పిల్లలను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వమన్నది. కేంద్రం రూపొందించిన మాదిరి నియమాలు దానికి కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా రెండు సంవత్సరాలు గడువు పెట్టినవి. ఆ శిక్షణ లక్ష్యం తరగతిలో కలవటమే. నడవడి కారణంగా వేరుచేసే బాలుని విషయంలోనూ ఇదే న్యాయం వర్తించవలె.

దెబ్బలు తిన్న పక్కబాలుని మాట ఏమిటని ఉపాధ్యాయుడు అడుగుతాడు. అది తోసివేయదగిన ప్రశ్న కాదు. భయం లేకుండా చదువుకొనే హక్కు అతనికీ ఉన్నది. ఒకరి దేహానికి హాని కలిగేచోట వేరుచేయటం కర్తవ్యమే. కాని పంపేనాడే తిరిగి వచ్చే గడువు చెప్పవలె. ఈలోపల తరగతి ఉపాధ్యాయుడు అతనిని వెళ్ళి చూడవలె. వచ్చిన తరువాత కొట్టినవాడు దెబ్బ తిన్నవానితో సమాధానపడే అవకాశం కల్పించవలె. తోటివారు కూడా అతనిని పాతపేరుతో పిలవటం మానవలె.

ఒక బడి ఈ విషయంలో ధర్మం తప్పినదో లేదో తెలుసుకొనటం కష్టం కాదు. బాలుడు లేని రోజులలో తరగతి నెమ్మదించినప్పుడు, ఆ నెమ్మదిని అతని రాకకు సిద్ధపడటానికి వినియోగించినదా, లేక అతడు రాకుంటే బాగుండునని కోరుకొన్నదా అని చూచిన చాలును.