పద్యానికి ఎంత గది కావాలి?

మైలవరం అంటే ఇవాళ మామిడి తోటలూ, ఎన్నికల ముచ్చట్లూ గుర్తొస్తాయి గానీ, వందేళ్ల కిందట నాటకాల పిచ్చి ఉన్నవాళ్లకి గుర్తొచ్చింది మైలవరం కంపెనీ. 1910లలో జమీందారు సూరానేని వెంకట పాపయ్యారావు పోషించిన బాలభారతీ నాటక సమాజం అది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి అందులో వేషాలు కట్టారు. పాపట్ల కాంతయ్య వరసలు కట్టారు. తెలుగు స్టేజీ మీద పద్యం ఇలా పాడాలి అనే అలవాటు స్థిరపడటంలో ఆ కంపెనీ చెయ్యి చాలానే ఉంది. అప్పటికి మైకు లేదు. ఆఖరి వరసలో నేలమీద కూర్చున్నవాడికి అక్షరం అందించాల్సిన బాధ్యత మొత్తం నటుడి గొంతుదే.

ఆ ఊరి నేపథ్యంలో ఇద్దరిని ఊహించుకుని ఈ సంవాదం రాస్తున్నాను. ఒకరు పరిషత్తు నాటకాలకి ఏళ్ల తరబడి హార్మోనియం వాయించి, పద్యం కూడా గట్టిగా పాడగల బాబాయి. రెండోవాడు మేడమీద గదిలో గోడలకి ఫోము అంటించి, కంప్యూటరూ మైకులూ పెట్టుకుని భజన పాటలూ, చర్చి పాటలూ, జానపదాలూ మిక్స్ చేసే అబ్బాయి. జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు ఇలాంటి గదులు ఇప్పుడు కొత్తేమీ కాదు. బాబాయి హరిశ్చంద్ర కాటి సీనులో పాడే జాషువా శ్మశానవాటి పద్యం ఒకటి పాడి వెళ్లాడు. మర్నాడు మిక్స్ వినడానికి వచ్చాడు.

బాబాయి: అదేంట్రా, నా గొంతు కళ్యాణ మండపంలోంచి వస్తోంది?

అబ్బాయి: హాల్ రివర్బ్ పెట్టాను బాబాయ్. రెండు పాయింట్ ఎనిమిది సెకన్లు.

బాబాయి: హరిశ్చంద్రుడు ఎక్కడున్నాడు?

అబ్బాయి: కాటిలో.

బాబాయి: కాటికి గోడలుంటాయట్రా? ఏ గోడకి తగిలి తిరిగొచ్చింది ఈ మోత?

అబ్బాయి: మరి నిన్న ఏమీ వెయ్యకుండా డ్రైగా వినిపిస్తే ఇది నా గొంతే కాదన్నావుగా?

బాబాయి: కాదు గనకే అన్నాను. ఏదో దగ్గరికొచ్చి చెవిలో ఊదినట్టుంది.

అబ్బాయి: అక్కడికే వస్తున్నా. నీ నోటికి జానెడు దూరంలో ఉంది మైకు. నువ్వు పద్యం పాడేటప్పుడు నీ నోటికి జానెడు దూరంలో చెవి పెట్టినవాడు ఇంతవరకూ ఎవడైనా ఉన్నాడా? మైకు విన్నది నిజమే, కానీ ఆ చోట నిలబడి నీ పద్యం విన్న మనిషి లేడు. కాబట్టి ఏమీ కలపనిదే అసలైనదని నువ్వు అనలేవు.

బాబాయి: కలిపింది అసలైనదని నువ్వూ అనలేవు.

ఈ రెండు మాటల మధ్యే రివర్బ్ గురించిన అసలు చర్చంతా ఉందని నా నమ్మకం. మిక్సింగు నేర్చుకునేవాళ్లు మొదట అడిగేది ఏ ప్లగిన్ మంచిదని, ఎంత శాతం పెట్టాలని. అడగాల్సింది వేరు: పాడేవాడు ఎక్కడ నిలబడ్డాడు, వినేవాడు అతనికి ఎంత దూరంలో కూర్చున్నాడు? ఇది తేలకుండా పెట్టిన అంకె ఏదైనా గుడ్డి అంకే.

చోటుకీ మోతకీ ఉన్న లెక్క తెలియాలంటే పాత కథ ఒకటి చెప్పాలి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరం పనికిరాకుండా పోయింది. లోపల అన్న మాట అయిదున్నర సెకన్ల పాటు గాలిలో తిరుగుతూనే ఉండేది. మొదటి మాట చావకముందే పదో మాట దాని మీద పడేది. దాన్ని బాగుచెయ్యమని వాలెస్ సాబిన్ అనే కుర్ర భౌతిక శాస్త్రవేత్తకి అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. శబ్దాన్ని ఎంత పీలుస్తుందో చెప్పడానికి ఆయన పెట్టుకున్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీలోంచి పోయిన శబ్దం ఇక తిరిగిరాదు గనక. ఆ లెక్కన కాటి నేల, పరిషత్తు పందిరి, గుడి ముందు ఖాళీ స్థలం, ఇవన్నీ పూర్తిగా తెరిచిన కిటికీలే.

బాబాయి: అంటే నా పక్షమే గెలిచిందిగా. బయట రివర్బ్ లేదు.

అబ్బాయి: గోడల రివర్బ్ లేదు. దూరం ఉంది కదా? గదిలోనైతే నేరుగా వచ్చే గొంతుకీ, గోడలకి తగిలి వచ్చే మోతకీ ఉన్న పాళ్లని బట్టి చెవి దూరం కడుతుంది. ఆరుబయట ఆ పాళ్లు దొరకవు. అక్కడ చెవి చూసేది రెండే. గొంతు ఎంత చిన్నదయిందీ, పైన పదును ఎంత తగ్గిందీ. దూరం రెట్టింపయితే ఆరు డెసిబెల్స్ పడిపోతుంది.

బాబాయి: మరి అదే చెయ్యి. మోత తీసెయ్యి, పదును కాస్త తగ్గించు.

అబ్బాయి: చేశాను, విను.

వింటే, గొంతు దూరం జరిగింది గానీ బక్కచిక్కింది. ఇయర్‌ఫోనులో వినేవాడికి కాటి నేల కనపడటం లేదు. ఎవరో ఫోములో కూరుకుపోయి పాడుతున్నట్టే ఉంది. ఆరుబయట అయినా కాళ్ల కింద నేల ఉంటుంది, వెనక తెర ఉంటుంది, పక్కన వింగు ఉంటుంది. వాటికి తగిలి పదీ ఇరవై మిల్లీ సెకన్లలో వచ్చేసే తొలి మోతలు విడిగా వినపడవు, గొంతులోనే కలిసిపోయి దానికి ఒళ్లు ఇస్తాయి. అబ్బాయి హాలు తీసేసి, వెనక సాగే తోక లేకుండా ఆ తొలి మోతలు మాత్రమే ఉంచాడు. బాబాయి తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఇక ముందుకి పద అన్నట్టు.

అబ్బాయి: నాకో అనుమానం బాబాయ్. పద్యం ఆఖర్న అంత రాగం ఎందుకు తీస్తారు? అప్పట్లో గది లేదు, మైకు లేదు. మాట అన్న వెంటనే గాలిలో ఆరిపోయేది. అందుకని గొంతే మోతని తయారుచేసుకుంది. రాగమంటే మీరు గొంతుతో కట్టుకున్న హాలు.

బాబాయి: ఏడ్చినట్టుంది. గోడలు లేక రాగం తీశారా? రాతి మండపంలో కూర్చున్న విద్వాంసుడు గంటసేపు ఆలాపన చేస్తాడే, ఆయనకేం గోడలు కరువా? మాటలో పట్టనిది రాగంలో పెడతాం. హరిశ్చంద్రుడు చెప్పాల్సింది నాలుగు పాదాల్లో అయిపోయింది. ఏడవాల్సింది ఇంకా మిగిలింది.

అబ్బాయి: మరి ఘంటసాల సినిమా పద్యంలో రాగం అంత కుదించేశారెందుకు? రికార్డింగు గది ఆ పని అందుకుంది కాబట్టి కాదా?

బాబాయి: నిడివి లేక. మాట ముందుకు రావాలని. ఆయన పద్యంలో ఒక్క అక్షరమైనా నలిగిందేమో వెతుకు. గదిని నమ్ముకున్నవాడు అలా పాడడు.

అబ్బాయి సిద్ధాంతం అందంగా ఉంది గానీ, నా ఓటు బాబాయికే. ఆలాపన గోడల కరువులో పుట్టింది కాదు. అయితే ఓడిపోయిన ఆ సిద్ధాంతంలో పనికొచ్చే సంగతి ఒకటుంది. రాగం సాగుతుంది, రివర్బూ సాగుతుంది. రెండూ ఒకేచోట సాగితే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. గమకంలో స్వరం పైకీ కిందికీ ఊగుతుంటే, రివర్బ్ గడిచిపోయిన స్వరాన్ని ఇంకా పట్టుకునే ఉంటుంది. గమకం అందం మధ్యలో జారే ఆ సన్నటి దారిలో ఉంది. ఆ దారే మూసుకుపోతుంది.

మన భాషకి ఇంకో చిక్కు. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ఆగుతుంది. అచ్చు అంటేనే మోతకి మేత. రెండు పాయింట్ ఎనిమిది సెకన్ల హాలులో ఒక మాట చివరి ఆకారం, పక్క మాట మొదటి హల్లు మీద, సిరా ఆరని కాయితం మీద చెయ్యి రాసుకున్నట్టు, అలుక్కుపోతుంది. ఇంగ్లీషు పాటలకి తయారుచేసిన ప్రీసెట్టు తెచ్చి సీసపద్యానికి తగిలిస్తే యతి ఎక్కడ పడిందో కూడా తెలియదు. పైగా పాటకైతే తాళం ఉంటుంది, రెండు దెబ్బల మధ్య వ్యవధిని బట్టి తోక పొడవు కత్తిరించవచ్చు. పద్యానికి తాళం లేదు. ఊపిరి ఒక్కటే కొలత.

అందుకని అబ్బాయి ఏం చేశాడో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. రివర్బ్‌ని గొంతు ట్రాకు మీదే వెయ్యకుండా విడిగా ఒక సెండ్ మీద, అంటే ఎంత కావాలంటే అంత పంపుకునే వేరే దారిలో పెట్టాడు. హార్మోనియం, తబలా కూడా దానికే కొద్దికొద్దిగా పంపాడు. అప్పుడే ముగ్గురూ ఒకే చోట కూర్చున్నట్టు ఉంటుంది. హార్మోనియానికి మరీ తక్కువ, ఎందుకంటే శ్రుతి ఆగకుండా మోగుతూనే ఉంటుంది, దానికి మోత కూడా తోడైతే మొత్తం బురదే. రాగం చివర కావాల్సిన తోకకి హాలు బదులు ప్లేటు ఎంచుకున్నాడు. అసలు ప్లేటంటే 1957లో జర్మనీలో ఈఎంటీ కంపెనీ తెచ్చిన యంత్రం. చట్రంలో బిగించిన పెద్ద పల్చటి ఉక్కురేకు కంపనమే మోత. ఇప్పుడది కంప్యూటర్లో ఒక బొమ్మ. రేకుకి ఏ గదీ గుర్తుండదు, కాబట్టి కాటిలో అది అంతగా అబద్ధమాడదని అబ్బాయి వాదన. తోక పొడవు ఒకటి పాయింట్ రెండు సెకన్లు. మోతలోంచి రెండు వందల యాభై హెర్ట్జ్ కింద ఉన్నది కోసేశాడు, శ, ష, స లు చిటపటలాడకుండా పైన కూడా కోశాడు.

ఇక ప్రీ-డిలే. మాట అన్న తరవాత మోత మొదలవడానికి ఇచ్చే వ్యవధి. దీన్ని నలభై మిల్లీ సెకన్లు పెట్టాడు. శబ్దం మిల్లీ సెకనుకి జానెడున్నర నడుస్తుంది. నలభైలో నలభై అయిదు అడుగులు, అంటే పోయిరావడానికి గోడ ఇరవై రెండు అడుగుల అవతల ఉన్నట్టు. ఆ వ్యవధిలో హల్లు శుభ్రంగా బయటపడి చెవికి చేరిపోతుంది, మోత దాని వెనక వస్తుంది.

చివరిగా, పద్యం నడుస్తున్నంతసేపూ సెండ్‌ని అణిచి ఉంచి, రాగంలో గమకాలు ఊగుతున్నప్పుడు ఇంకా అణిచి, ఆఖర్న గొంతు షడ్జమం మీద నిలబడ్డాకే మెల్లగా పైకి తీశాడు.

బాబాయి: ఇప్పుడు రాగం నాదే వినపడుతోంది.

అబ్బాయి: కానీ ఇది కాడు కాదు బాబాయ్. ఏ చోటూ కాదు. రేకు. కావాలంటే కొండపల్లి ఖిల్లాకి వెళ్లి, కమాను కింద బెలూను పగలగొట్టి, ఆ మోత రికార్డు చేసుకొచ్చి నీ గొంతుకి తగిలించొచ్చు. నువ్వు అక్కడ నిలబడి పాడినట్టే ఉంటుంది.

బాబాయి: నేను అక్కడికి వెళ్లకుండానే?

అబ్బాయి: వెళ్లకుండానే.

బాబాయి: అది నాకు నచ్చలేదు. రేకు అయితే నేనెక్కడున్నానో చెప్పదు, ఊరుకుంటుంది. ఖిల్లా అయితే వెళ్లని చోటికి నన్ను వెళ్లానంటుంది.

అబ్బాయి: వేషం కట్టినప్పుడు నువ్వు హరిశ్చంద్రుడివా మరి?

బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ గట్టిదే. 1968లో పాల్ హార్న్ తాజ్‌మహల్ లోపలే వేణువు ఊది రికార్డు చేశాడు, ఆ గుమ్మటం మోత అతను అక్కడ నిలబడి సంపాదించుకున్నది. 1947లో షికాగోలో బిల్ పట్నమ్ స్టూడియో బాత్‌రూములో స్పీకరూ మైకూ పెట్టి, హార్మోనికా పాటకి ఆ మోత కలిపాడు, వాయించినవాళ్లు బాత్‌రూములో లేరు. ఆ పాట పెద్ద హిట్టయింది, విన్నవాళ్లెవరూ మోసపోయామనలేదు. కళలో అబద్ధం అనే మాట వాడటానికి వినేవాడు ఏదో ఒకటి నమ్మి నష్టపోవాలి. కాటి సీను చూసేవాడు రంగు తెరని చూసి నిజమైన కాడే అనుకోడు, అయినా ఏడుస్తాడు. అయితే ఆ తెర మీద తాజ్‌మహల్ గీసి ఉంటే ఏడవడు. ఖిల్లా మోత తప్పు కావడానికి అది అరువు తెచ్చుకున్నదవడం కారణం కాదు, హరిశ్చంద్రుడికి అక్కడ పని లేకపోవడం కారణం.

ఇదంతా ఇయర్‌ఫోనుకి. అదే ట్రాకు గుడి మీద కట్టిన హారన్ స్పీకర్లలో వేస్తే లెక్క మారిపోతుంది. ఊళ్లోని డాబాలూ, గోదాములూ, కొండా తమ మోతని ఉచితంగా కలుపుతాయి. మైకు సెట్టువాడు పైగా ఎకో నాబు ఒకసారి తిప్పుతాడు. దానికి పంపే కాపీలో రివర్బ్ దాదాపు ఉండకూడదు. ఫోను స్పీకరులో అయితే పల్చటి తోక మొత్తం మాయమవుతుంది, అందుకని కంగారుపడి పెంచితే ఇయర్‌ఫోనువాడు మునిగిపోతాడు. అబ్బాయి రెండు కాపీలు తీశాడు.

మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో పద్యం పాడే పెద్దవాళ్లు ఉండి, వాళ్ల గొంతు రికార్డు చేయించే పని పెట్టుకుంటే స్టూడియోవాళ్లని ఒకటి అడిగి తీసుకోండి: ఏ రివర్బూ కలపని డ్రై ట్రాకు, వేవ్ ఫైలుగా, విడిగా. ఏ గదిలో నిలబెట్టాలో మీ పిల్లలు తరవాత తేల్చుకుంటారు. ఒకసారి కలిపేసిన మోతని గొంతులోంచి పూర్తిగా విడదీసే సాఫ్ట్‌వేరు ఇప్పటికీ లేదు.