పరుల మూట మోయువారు

తన యింటి బరువును మోయుట అందరును చేయు పనియే. అందులకు ధర్మశాస్త్రము అక్కరలేదు, ఆకలి చాలును. పరుల మూటను కొంత దూరము మోసి యింకొకరి చేతికి అందించుటయందే ధర్మవిచారమునకు తావు కలుగుచున్నది. మోయవలసినవాడు మోయకున్న ఏమి చేయవలెను? మోయలేదని ఎవరు చెప్పవలెను? చెప్పినవాని మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నలు మానవసంఘమంత ప్రాచీనములు. అయినను గడచిన యిరువదియైదేండ్లలో వీనిని మిక్కిలి పట్టుదలతో పరిశీలించినవారు తత్త్వవేత్తలు కారు, రేడియో యంత్రములను కూర్చు శాస్త్రజ్ఞులు. వారి విచారణము మన పాఠకులకు అంతగా పరిచితము కాదు గనుక దానిని కొంచెము వివరముగా చెప్పదలచితిమి.

మన చేతిలోని ఫోను పలుకవలెనన్న సమీపమున ఎక్కడనో ఒక టవరు నిలిచియుండవలెను. టవరు కూలెనా, ఊరంతయు మూగవోవును. 1999 అక్టోబరు 29వ తేదీన పెనుతుఫాను ఒడిశా తీరమును తాకి టెలిఫోను తీగెలు తెగిపోయినపుడు అమెచ్యూరు రేడియోవారు వార్తలను చేరవేసిన సంగతి అచటి మన కుటుంబములలోని పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. మనుష్యులు పూనుకొని చేసిన అట్టి పనిని యంత్రములే తమంతట తాము చేయునట్లు కూర్చిన ఏర్పాటునకు మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్కు అని పేరు. ఇందు టవరు లేదు, తపాలా కచేరి లేదు, పెత్తనము చేయువాడు లేడు. ఇందలి యొక్కొక్క యంత్రమును నోడు అందురు. ప్రతి నోడును తన మాటను తాను చెప్పుకొనును, పరుల మాటను మోయును. దాని రేడియో ధ్వని కొంత దూరమే పోగలదు గనుక దూరపువానికి పంపవలసిన సందేశమును చిన్న చిన్న పొట్లములుగా కట్టి పొరుగు నోడునకు ఇచ్చును. అది తన పొరుగునకు ఇచ్చును. ఇట్లు చేతులు మారి సందేశము గమ్యము చేరును. నోడులన్నియు కదలుచుండును గనుక నిన్నటి పొరుగు నేటి పొరుగు కాదు.

పొట్లమును మోయుటకు బ్యాటరీ ఖర్చగును. “నా పొట్లములను అందరును మోయవలెను, అందరి పొట్లములను నేను మోయనక్కరలేదు” అను బుద్ధి యంత్రమునకు దానంతట పుట్టదు గాని, దానిని చేతబట్టినవానికి పుట్టవచ్చును. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు సర్జియో మార్టి, మేరీ బేకర్ మొదలగు నలువురు 2000లో ప్రకటించిన వ్యాసమున ఈ దుష్ప్రవర్తనమును విచారించిరి. మోసెదనని ఒప్పుకొని మోయని నోడు నాలుగు కారణములలో దేనిచేతనైనను అట్లు చేయవచ్చుననిరి. మోయలేనంత బరువు మీదబడి యుండవచ్చును, స్వార్థము కావచ్చును, చెరుపవలెనను దుర్బుద్ధి కావచ్చును, లేదా అది చెడిపోయి యుండవచ్చును. నాలుగింటికిని వెలుపలి చిహ్నము ఒక్కటియే: పొట్లము ముందుకు పోలేదు. ఆ విచారణమంతటిలో ఈ మాటయే మాకు ముఖ్యముగా తోచినది. మన సంఘములలో చందా ఈయనివానిని, పిలిచినను రానివానిని గూర్చి తీర్పు చెప్పునపుడు స్వార్థమునో దుర్బుద్ధినో ఎంచుకొని తక్కిన రెంటిని మరచుట మనలోను కద్దు.

వారు కనిపెట్టిన ఉపాయమునకు ‘కావలికుక్క’ అను అర్థమిచ్చు పేరిడిరి. రేడియో ధ్వని నలుదెసలకు వ్యాపించును గదా! మొదటివాడు రెండవవానికి పొట్లమిచ్చి, దీనిని మూడవవానికి అందింపుమని కోరెననుకొందము. మొదటివాడు ఆ పొట్లపు నకలును తనయొద్ద ఉంచుకొని చెవియొగ్గి వినుచుండును. రెండవవాడు దానినే పలికినట్లు వినబడిన నకలును చెరిపివేయును. వినబడకున్న రెండవవాని పేర ఒక తప్పు వ్రాసికొనును. తప్పులు ఒక హద్దు దాటినచో సందేశము పంపినవానికి వార్త చేరవేయును.

ఉపాయము చక్కనిదే. కాని దీని లోపములను ఎదుటిపక్షమువారు గాక, కనిపెట్టినవారే ఏకరువు పెట్టిరి. అది వారి నిజాయితీ. రెండవవాడు పలుకు క్షణమునందే వేరొక ధ్వని వచ్చి మొదటివాని చెవిలో ఢీకొన్నచో, మోసినవాడును మోయనివానివలెనే తోచును. రెండవవాడు పలికినది విన్నంతమాత్రమున అది మూడవవానికి చేరెనని చెప్పరాదు. కపటియైనవాడు మూడవవాని చెవికి మరియొక ధ్వని సోకు సమయము కనిపెట్టి అపుడే పలుకవచ్చును. లేదా గొంతు తగ్గించి మొదటివానికి వినబడునట్లును, దూరముననున్న మూడవవానికి వినబడనట్లును పలుకవచ్చును. చూచువాని కొరకు మాత్రమే చేయు పరోపకారము యొక్క స్వరూపమును ఇంతకన్న స్పష్టముగా చూపుట కష్టము. రెండవవాడు సక్రమముగా అందించి, మూడవవాడు దానిని పారవేయగా చూచియు ఊరకుండవచ్చును, అది కుమ్మక్కు. హద్దుకంటె ఒక్కటి తక్కువగా పారవేయువాడు ఎన్నడును పట్టుబడడు. అన్నిటికంటె చిక్కైన సంగతి, కావలివాడే అబద్ధికుడు కావచ్చును. మోసినవానిని మోయలేదని చెప్పిన అడ్డుచెప్పువాడెవడు?

అయినను ఉపాయము వ్యర్థము కాలేదు. కంప్యూటరుపై చేసిన పరీక్షలలో నూటికి 40 నోడులు దుష్ప్రవర్తనము గలవైనను, నోడులు మితముగా కదలుచున్నపుడు చేరిన సమాచారము నూటికి 17 వంతులును, మిక్కిలిగా కదలుచున్నపుడు 27 వంతులును పెరిగెను. ఖర్చును పెరిగెను. అదనపు ప్రసారములు మొదటి పక్షమున నూటికి 9 నుండి 17కును, రెండవ పక్షమున 12 నుండి 24కును పోయినవి. పొరుగువానిపై కన్ను వేసియుండుట ఉచితముగా జరుగు పని కాదు.

ఇచట ధర్మవిచారమునకు ఒక చిక్కు కలదు. ఆ ఏర్పాటులో దోషిగా తేలిన నోడును తప్పించి వేరు దారిని వెదకుకొందురు. అంతియే. దాని పొట్లములను మాత్రము తక్కినవి యథాప్రకారము మోయుచుండును. పనిదొంగకు పని తప్పించుట శిక్ష యెట్లగును? అది వాడు కోరిన వరమే. సందేశము చేరుటయే ప్రయోజనమైనచో ఇది తెలివైన పద్ధతి; న్యాయము కూడ కావలెనన్న చాలదు.

ఈ చిక్కును విడదీయ యత్నించినవారిలో స్విట్జర్లాండునందలి సోన్యా బుఖెగ్గర్, జాన్ ఈవ్ ల బుడెక్ అనువారు 2002లో ఒక పద్ధతిని ప్రకటించిరి. దానికి ప్రేరణము రిచర్డు డాకిన్స్ 1976 నాటి గ్రంథములో కల్పించిన పక్షుల దృష్టాంతము. పక్షి తన తలమీది పురుగును తాను ఏరుకొనలేదు, మరియొక పక్షి ఏరవలెను. అందరికిని ఏరిపెట్టు అమాయకపు పక్షులు కొన్ని. ఏరించుకొని తాము ఏరని మోసపు పక్షులు కొన్ని. ఒకమారు తనకు ఏరనిదానిని గుర్తుంచుకొని దానికి మరల ఏరని పట్టింపు పక్షులు కొన్ని. మోసపు పక్షుల నడుమ అమాయకులు నశింతురు. పట్టింపుగలవి తగినన్ని యున్నచో నిలుచును. దీనిని బట్టి, మోయనివాని పొట్లమును ఎవరును మోయరాదనియు, వాని సంగతిని మిత్రులకు హెచ్చరికగా తెలుపవలెననియు ఆ పద్ధతి చెప్పుచున్నది. న్యాయము సిద్ధించినది గాని, దానితోపాటు చాడీకి ద్వారము తెరువబడినది. ఆ సంవత్సరమే ఫ్రాన్సునందు పియెత్రో మిక్యార్డి, రెఫిక్ మోల్వా అనువారు మరియొక మార్గము పట్టిరి. పరులను గూర్చిన మంచిమాటనే చేతులు మార్చవలెను, చెడ్డమాటను చేరవేయరాదు, చెడును ఎవరికి వారే కన్నులార చూచి తెలిసికొనవలెను. ఇందు చాడీ లేదు, కాని ముందుగా హెచ్చరిక పొందు భాగ్యమును లేదు. దొంగలు ఒకరినొకరు పొగడుకొనుటకు అడ్డమును లేదు.

ఈ రెంటిలో ఏది మేలు? మేము రెండవదానివైపే మొగ్గుచున్నాము. కారణము చెప్పెదము. అబద్ధపు పొగడ్త తనంతట పరీక్షకు వచ్చును. పొగడ్త విని మనము వానికి పొట్లమిత్తుము. వాడు పారవేసిన మన చెవియే సాక్షి. అబద్ధపు నింద ఎన్నడును పరీక్షకు రాదు. నిందపడినవానికి ఎవరును పొట్లమీయరు. ఈయకున్న మోసి చూపుట యెట్లు? అసత్యము రెంటియందును సమానమే, కాని ఒకటి అనుభవమువలన కరగును, రెండవది అనుభవమునకే అడ్డుగోడ యగును. బుఖెగ్గర్, ల బుడెక్‌లు సైతము 2004 నాటికి తమ పద్ధతిని సవరించి, స్వానుభవమునకు మిక్కిలి దూరముగా నున్న పరుల వార్తను స్వీకరింపరాదనిరి. స్వీకరించినదానికిని స్వల్పపు విలువయే కట్టిరి.

పొట్లమునకు ఇంతయని కూలి యిచ్చి మోయించు పద్ధతియు కొందరు చెప్పిరి. మోసినవానికి నాణెము, పంపువానికి ఖర్చు. ఇందు స్వార్థపరుడును కూలికై మోయును. కాని అంచున నివసించు నోడునకు మోయు అవకాశమే తక్కువ. దోషమేమియు లేకయే అది దరిద్రమగును. ఊరి నడిబొడ్డున అంగడి గలవారికి ఈ పద్ధతి నచ్చవచ్చును!

నిందను ఎంతకాలము మోయవలెనన్న ప్రశ్న మిగిలినది. బరువు మీదబడి మోయలేకపోయిన నోడు రేపు తేరుకొనును, చెడిపోయినది బాగుపడును. వానిని శాశ్వతముగా వెలివేసిన మనమే మోయగలవానిని పోగొట్టుకొందుము. అందుచేత 2004 నాటి ఆ సవరణలో పాత అనుభవముల విలువ కాలక్రమమున క్షీణించునట్లును, క్రొత్త వానికి ఎక్కువ విలువ యుండునట్లును ఏర్పరచిరి. ఇది క్షమ వంటిదే గాని హృదయములో పుట్టినది కాదు, లెక్కలో పుట్టినది. కపటి దీనిని కూడ ఎరుగును. కొన్నాళ్లు మోసి పేరు తెచ్చుకొనును, కొన్నాళ్లు పారవేయును, పేరు తగ్గినపుడు మరల మోయును. మరపు మరీ శీఘ్రమైన కపటికి లాభము, మరీ ఆలస్యమైన అశక్తునకు అన్యాయము. ఎంత మరపు తగినదో నిర్ణయించునది గణితము కాదు. ఆ నెట్‌వర్కులో ఎందరు అశక్తులు, ఎందరు కపటులు అన్న మన అంచనాయే.

పేరు చెడినవానికి మరపుకంటె సులభమైన దారి యొకటి కలదు. పేరు మార్చుకొని క్రొత్తవానివలె వచ్చుటయే అది. దీనివలన నిజముగా క్రొత్తగా వచ్చినవానికి కీడు కలుగుచున్నది. పేర్లు చౌకగా దొరకుచోట క్రొత్తవారిని అనుమానించుట తప్పదనియు, ఆ అనుమానపు ఖర్చును మంచివారును భరింపవలసియే వచ్చుననియు ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ అను అమెరికా పండితులు 2001లో ఇంటర్నెట్టు వ్యవహారములను గూర్చి నిరూపించిరి. అడ్‌హాక్ నెట్‌వర్కునందును ఇదే స్థితి. క్రొత్త నోడు ఎంత నిజాయితీ గలదైనను, మొదట కొంతకాలము పరుల పొట్లములను ఊరక మోసి, తన పొట్లమును మోయుమని అడుగక వేచియుండవలెను.

క్రొత్తవారి సంగతి వచ్చినపుడు మేము పరుల సంగతివలె వ్రాయజాలము. నాయకరాజుల కాలముననైననేమి, ఆ తరువాతనైననేమి, తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సీమలకు వచ్చిన మన పూర్వులు అచట క్రొత్త నోడులే. అయినను వారి పేరు చౌకది కాదు. ఇంటిపేరు, విడిచివచ్చిన ఊరు, ముందుగా వచ్చి స్థిరపడిన బంధువు, ఇవి వెంట నుండెను. తప్పుచేసి వానిని మార్చుకొనుట సులభము కాదు. అంతమాత్రమున పొరుగు భాషవాడు వారిని నమ్మవలెనను నియమమును లేదు. ఇంటిపేరు వానికి అర్థము కానిదే గదా! ఏ గృహస్థో, ఏ వర్తకుడో ఒకనాడు ఒక చిన్న మూటను, పోయినను తాను మునిగిపోనంతటి మూటను, చేతికిచ్చి ఫలానా ఊరిలో ఫలానావానికి అందింపుమని పంపియుండును. అది చేరినదో లేదో తన చెవితోనే విని తెలిసికొని, మరునాడు కొంచెము పెద్ద మూటను ఇచ్చియుండును. అతని పేరు మన యిండ్లలో ఎవరికిని తెలియదు.