నొప్పికి సాక్షి ఎవరు?

ఒక మనిషి తనకు నొప్పిగా ఉన్నదంటాడు. పరీక్షించిన వైద్యుడు ఎక్కడా గాయం కనిపించలేదంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? చూడటానికి ఇది ఆసుపత్రిలో తేలిపోయే చిన్న తగవులాగా ఉంటుంది. కాని దీనిమీదనే ఒకరి నష్టపరిహారం ఆధారపడుతుంది, సెలవు ఆధారపడుతుంది, ఒక్కొక్కప్పుడు పరువు కూడా ఆధారపడుతుంది. అంచేత దీన్ని నేను నైతిక ప్రశ్న అంటున్నాను. ఇంకొకరి అనుభవాన్ని గురించి తీర్పు చెప్పే అధికారం ఎవరిది? నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి; నాడీశాస్త్రం నా వృత్తి కాదు. అయినా గత అరవై ఏళ్ళలో నొప్పిని గురించి జరిగిన పరిశోధన ఈ ప్రశ్నను పాత చోట ఉండనివ్వలేదు కనక, మనబోటివాళ్ళం కూడా దాన్ని గురించి ఆలోచించక తప్పదు.

పాత చోటు ఏదో ముందు చూద్దాం. డెకార్ట్ చనిపోయిన పధ్నాలుగేళ్ళకు, 1664 లో, మనిషి శరీరాన్ని గురించి అతను రాసిన గ్రంథం ఫ్రెంచిలో అచ్చయింది. కాలికి నిప్పు సోకితే లోపల ఒక సన్నని తీగె లాగినట్టవుతుందనీ, తాడు లాగితే గంట మోగినట్టు మెదడులో నొప్పి పుడుతుందనీ అందులో చెప్పాడు. ఆ కాలానికి అది పెద్ద ముందడుగు. నొప్పిని దేవుడి శిక్షగా గాక యంత్రం పనిగా చూపించింది. కాని ఆ బొమ్మలోంచి ఒక సిద్ధాంతం దానంతట అదే పుట్టుకొచ్చింది. గంట మోగిందంటే తాడు ఎవరో లాగి ఉండాలి. గాయం ఎంతో నొప్పి అంత. గాయం లేకుండా నొప్పి ఉందన్నవాడు అబద్ధమైనా చెబుతుండాలి, మతి చలించినవాడైనా అయి ఉండాలి.

ఈ సిద్ధాంతం ఎవరికి ఉపయోగపడిందో ఇంగ్లండు రైళ్ళ చరిత్ర చెబుతుంది. రైలు ప్రమాదాల్లో పైకి దెబ్బ కనిపించకుండానే నడుం నొప్పితో, వణుకుతో మంచాన పడ్డవాళ్ళు కంపెనీల మీద దావాలు వేశారు. 1866 లో ఎరిక్సెన్ అనే శస్త్రవైద్యుడు, ఆ కుదుపుకు వెన్నుపాము దెబ్బతింటుందని రాశాడు. 1883 లో హెర్బర్ట్ పేజ్ దానికి జవాబు రాశాడు. వెన్నుపాముకు ఏమీ కాలేదు, ఇది భయం వల్ల వచ్చిన అవస్థ, పరిహారం మీది ఆశ దాన్ని పెంచుతుంది అన్నాడు. ఆ పేజ్ ఒక పెద్ద రైల్వే కంపెనీకి శస్త్రవైద్యుడు! ఎరిక్సెన్ చెప్పిన శారీరక కారణం తర్వాత నిలవలేదు. అతనిలో పేజ్ చూపిన తప్పులు కొన్ని నిజంగా తప్పులే. కాని, వెన్నుపాములో గాయం లేదని రుజువు చేస్తే బాధ కూడా సగం కొట్టివేసినట్టేనన్న తర్కం మాత్రం కోర్టుల్లో స్థిరపడిపోయింది. 1961 లో కూడా న్యూకాజిల్ నాడీవైద్యుడు హెన్రీ మిల్లర్ (నవలాకారుడు వేరు) ప్రమాద బాధితులు చాలామంది దావా తేలగానే కోలుకుంటారని బోధించాడు. తర్వాతి పరిశోధకులు అటువంటివాళ్ళను వెతికిపట్టుకుని చూస్తే, డబ్బు చేతికొచ్చినా నొప్పి పోనివాళ్ళు, పనిలోకి తిరిగి వెళ్ళలేనివాళ్ళు ఎందరో తేలారు.

ఈ తాడును తెంచినవాళ్ళలో ముఖ్యుడు పాట్రిక్ వాల్. 1925 లో నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యం చదివి అమెరికా వెళ్ళాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రోనాల్డ్ మెల్జాక్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అతనికి తోడయ్యాడు. 1965 లో ఇద్దరూ కలిసి ‘సైన్స్’ పత్రికలో ద్వార నియంత్రణ సిద్ధాంతాన్ని ప్రకటించారు. దాని సారం ఇది: గాయపు కబురు నేరుగా మెదడుకు పోదు. వెన్నుపాములో ఒక తలుపు లాంటిది ఉంది. సన్నని నరాల పోగులు దాన్ని తెరుస్తాయి. స్పర్శను మోసే లావుపాటి పోగులు మూస్తాయి. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండటానికి కారణం అదే. అంతకంటే ముఖ్యం, మెదడు కూడా పైనుంచి ఆ తలుపును తెరవగలదు, మూయగలదు. అంటే మెదడు ఊరికే మోగే గంట కాదు. కబురును మార్చే శక్తి దానికి ఉన్నది. రెండేళ్ళకు వాల్, స్వీట్ అనే శస్త్రవైద్యుడు కలిసి తమ ముఖాల్లోని నరాలకే విద్యుత్తు పెట్టుకుని ఈ సూత్రాన్ని పరీక్షించారు. వాళ్ళు గీసిన వలయం వివరాలు కొన్ని తర్వాతి ప్రయోగాలకు నిలవలేదు. మూలసూత్రం నిలిచింది.

ఆ సూత్రం పాత చిక్కుముడులను విప్పింది. 1944 లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగంలో బీచర్ అనే మత్తువైద్యుడు, తీవ్రంగా గాయపడ్డ సైనికుల్లో సుమారు నాలుగో వంతు మందే నొప్పికి మందు కావాలన్నారని గమనించాడు. ఆ గాయం వాళ్ళకు చావునుంచి తప్పించిన అనుమతిపత్రం అని అతని వివరణ. రెండోవైపు, కోసేసిన కాలు లేని చోట నొప్పి పుట్టేవాళ్ళున్నారు. అక్కడ గాయం ఉంది, నొప్పి లేదు; ఇక్కడ నొప్పి ఉంది, ఆ అవయవమే లేదు. 1967 లో లండన్ చేరిన వాల్ ప్రయోగశాలలో పనిచేసిన క్లిఫర్డ్ వుల్ఫ్ 1983 లో ఇంకొక అడుగు వేశాడు. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలే అతిచురుకుగా మారిపోతాయని ఎలుకల్లో చూపించాడు. అట్లా మారాక మామూలు స్పర్శ కూడా నొప్పి అవుతుంది. దీర్ఘకాలపు నొప్పిలో చాలాచోట్ల జరిగేది ఇదే: కట్టు విప్పిన తర్వాత కూడా శరీరం గాయాన్ని మరిచిపోదు. ఈ జ్ఞానానికి మూగజీవాలు తమ నొప్పితో వెల చెల్లించాయి. నొప్పిని తగ్గించటం కోసం నొప్పి పెట్టవలసిరావటం ఈ శాస్త్రం మోస్తున్న రుణం. ఆ ఫలితాన్ని మనుషులకు అందకుండా చేయటం ఆ రుణాన్ని రెట్టింపు చేయటమే.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ‘నొప్పిని మెదడే తయారు చేస్తుంది’ అన్న మాటను యజమాని ఒకలాగా వింటాడు. ‘అయితే అంతా నీ మనసులోనే ఉందన్నమాట’ అంటాడు. భౌతికవాదులమని చెప్పుకునే మనం ఈ వాదానికి లొంగకూడదు. మెదడు పదార్థం కాదా? వెన్నుపాములోని కణం మారటం ఎముక విరగటంకన్నా తక్కువ వాస్తవమా? కంటికి కనిపించేదే భౌతికం అనుకోవటం భౌతికవాదం కాదు, మోటుతనం.

మన భాష ఈ విషయంలో మనకన్నా తెలివైనది. దెబ్బ తగిలితే ఒళ్ళు నొస్తుంది. మాట తగిలితే మనసు నొచ్చుకుంటుంది. క్రియ ఒకటే. వేదన అన్న సంస్కృత పదానికి మూలమైన ధాతువుకు తెలియటం అని అర్థం. మెల్జాక్ కూడా చివరికి మాటల దగ్గరికే వచ్చాడు. రోగులు వాడే పదాలు పోగుచేసి, 1975 లో 78 పదాలను 20 గుంపులుగా అమర్చి ప్రశ్నావళి తయారు చేశాడు. పోటు వేరు, మంట వేరు, సలుపు వేరు. బీడీలు చుట్టే ఆమె మెడ పట్టేసిందంటుంది. నాట్లు వేసే ఆమె నడుం లాగేస్తోందంటుంది. మూటలు మోసే హమాలీ వెన్నులో కలుక్కుమన్నదంటాడు. వీటిని అలంకారాలనుకుంటే పొరపాటు. శరీరం లోపలినుంచి వచ్చే వార్తలు ఇవి. ఆ వార్త తేవటానికి ఆ మనిషి తప్ప వేరే విలేఖరి లేడు.

అయితే యంత్రం ఉంది గదా అంటారు. 2013 లో అమెరికా పరిశోధకులు మెదడు చిత్రాల్లో వేడి నొప్పికి ఒక గుర్తు లాంటిది కనిపెట్టారు. అది గొప్ప పని. కాని ప్రయోగశాలలో ఆరోగ్యవంతుడి చేతికి వేడి తగిలించటం వేరు, పదేళ్ళ నడుం నొప్పి వేరు. నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం నియమించిన నిపుణులు 2017 లోనే, ఈ చిత్రాలను అబద్ధం పట్టే యంత్రంగా వాడరాదని హెచ్చరించారు. మరొక సంగతి కూడా ఆలోచించాలి. ఆ గుర్తు నొప్పిదేనని పరిశోధకులకు ఎట్లా తెలిసింది? ప్రయోగానికి వచ్చినవాళ్ళు ‘నొప్పి’ అని చెబితే తెలిసింది. మనిషి మాటను ఆధారం చేసుకుని తయారైన యంత్రం, ఆ మాటనే కొట్టివేసే న్యాయమూర్తి ఎట్లా అవుతుంది?

అబద్ధం చెప్పేవాళ్ళు లేరా? ఉన్నారు. కాని రెండు రకాల పొరపాట్లను పక్కపక్కన పెట్టి చూడండి. అబద్ధం చెప్పినవాణ్ణి నమ్మితే ఎవరికో కొంత డబ్బు నష్టం. నిజం చెప్పినవాణ్ణి నమ్మకపోతే అతనికి నొప్పి మిగులుతుంది, దానిమీద అబద్ధాలకోరన్న ముద్ర పడుతుంది. మొదటి నష్టాన్ని భరించగలిగినవాడే తరచు రెండో నష్టాన్ని నిర్ణయిస్తున్నాడు. ఆ నిర్ణయం చాలాసార్లు నొప్పిని చూడదు, మనిషిని చూస్తుంది. 2016 లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రశ్నించిన తెల్ల వైద్యవిద్యార్థుల్లో, యువవైద్యుల్లో సగం మంది నల్లవారి శరీరం గురించి వారి చర్మం మందమన్నటువంటి అబద్ధాల్లో ఏదో ఒకదాన్ని నిజమనుకున్నారు. అట్లా నమ్మినవాళ్ళు నల్లవాడి నొప్పిని తక్కువగా లెక్కగట్టారు.

నమ్మటంతోనే పని ముగిసిందనుకోవటం కూడా ప్రమాదమే. నొప్పిని పట్టించుకోవాలన్న న్యాయమైన మాటను పర్డ్యూ ఫార్మా 1996 తర్వాత ఆక్సికాంటిన్ అమ్మకానికి వాడుకున్నది. ఆ మందు అలవాటు చేసే గుణాన్ని తక్కువచేసి చెప్పినందుకు 2007 లో ఆ సంస్థ నేరం ఒప్పుకున్నది. ఈలోగా ఎందరో బలయ్యారు. మరోవైపు, ప్రపంచంలో ఏటా పంపిణీ అవుతున్న మార్ఫిన్ తరహా మందులు 298.5 టన్నులైతే, అత్యంత పేద దేశాలకు చేరేది 0.1 టన్ను అని 2017 లో లాన్సెట్ కమిషన్ లెక్క చెప్పింది. కొనగలిగినవాడి నొప్పి సరుకయింది. కొనలేనివాడి నొప్పి లెక్కలోకే రాలేదు.

మన దేశంలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఒక పట్టిక ఇచ్చింది: భుజం కీలు దగ్గర చెయ్యి పోతే సంపాదనశక్తిలో నూటికి 90 నష్టం, బొటనవేలు పోతే 30. 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా అటువంటి పట్టికనే ఉంచుకున్నది. తెగిపోయిన అవయవానికి అంకె ఉంది. తెగకుండా ఇరవై ఏళ్ళు నొచ్చే నడుముకు ఆ పట్టికలో అంకె లేదు. అది వైద్యుడి అంచనాకు పోతుంది. ఆ వైద్యుడి మనసులో ఇంకా డెకార్ట్ గంటే మోగుతుంటే ఆ కార్మికుడికి న్యాయం జరగదు.

వాల్ 2001 లో క్యాన్సర్‌తో మరణించాడు. అతనూ అతని తోటివాళ్ళూ చేసిన పని తర్వాత, గాయం కనిపించలేదు కాబట్టి నొప్పి లేదనటానికి శాస్త్రం పేరు వాడుకునే వీలు పోయింది. ఇక ఆ మాట అనేవాడు తన అధికారం బలంతోనే అంటున్నాడు. అధికారంతో అన్న మాటకు జవాబు ప్రయోగశాలలో దొరకదు. కార్మిక సంఘాల్లో, చట్టసభల్లో, వైద్యకళాశాలల పాఠాల్లో ఇవ్వాలి. సాహిత్యం బోధించే మనకు కూడా అందులో ఒక పని ఉన్నది. నొప్పిని చెప్పే మాటల్ని మాటలుగా గాక సాక్ష్యంగా వినటం నేర్పాలి.