కొండమీద సిద్ధమగుచున్న వస్త్రము

పఠన భాగము: నిర్గమకాండము 28:1–5, 32:1–6, లేవీయకాండము 8:6–9

భిలాయి ఉక్కునగరములో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబములకు క్రిస్మసు ముందటి వారములు దర్జీ దుకాణము చుట్టు తిరుగు దినములు. కొలతలిచ్చి రశీదు తెచ్చుకొనిన తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని అక్కడికి పోవును. "కల్ ఆనా భయ్యా" అనునదే జవాబు. సిద్ధముగా వ్రేలాడు దుస్తులు ప్రక్క దుకాణములోనే దొరకును; కాని అవి అతని బిడ్డ కొలతకు కుట్టినవి కావు. స్కాట్లాండు దేశస్థుల కిల్టు సంగతియు ఇట్టిదే. సుమారు 8 గజముల ఉన్నిబట్టను, గళ్లు చెదరకుండ, మడత వెంబడి మడతగా చేతితో కుట్టవలెను గనుక కోరి కుట్టించుకొనువాడు వారములకొలది కాచుకొనును.

ఉక్కు కార్మికునికి ఈ పాఠము క్రొత్తది కాదు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన ఆ కర్మాగారము దేశమునకు రైలుపట్టాలను అందించుచున్నది. కరగిన ఉక్కులోని హైడ్రోజన్ వాయువును ముందే తొలగించవలెను. లేదా పట్టాను మెల్లగా చల్లార్చి దానిని వెలుపలికి పోనియ్యవలెను. తొందరపడినయెడల, పైకి నునుపుగా కనబడు పట్టాలో సన్నని పగుళ్లు ఏర్పడి, ఒకనాడు రైలు బరువు క్రింద బయలుపడును. ఆలస్యమని తోచినది ప్రయాణికుల ప్రాణరక్షణయే.

మోషే సీనాయి కొండమీద 40 పగళ్లు, 40 రాత్రులు ఉండెను. అక్కడ దేవుడు అతనికి తెలియజేసిన సంగతులలో అహరోను ప్రతిష్ఠిత వస్త్రముల వివరము ఒకటి. ఎఫోదు, 12 రత్నముల పతకము, చినుగకుండ మెడచుట్టు నేయవలసిన అంచు, ఏదియు విడువబడలేదు. కాని కొండ క్రిందివారికి ఆ మాట వినబడలేదు. మోషే తడవుచేసెనని జనులు విసిగిరి. అహరోను వారి బంగారు పోగులను తీసికొని దూడను చేసెను. ఎవని కొరకు పైన పరిశుద్ధ వస్త్రము నిర్ణయింపబడుచుండెనో, వాని చేతులే క్రింద విగ్రహమును చేసినవి! కనిపెట్టలేని హృదయమునకు చేతికందినదే దేవుడగును.

ఆ పాపము తేలికగా ఎంచబడలేదు. ఆ దినమున ఇంచుమించు 3,000 మంది కూలిరి. అయినను వస్త్రముల పని రద్దు కాలేదు. బెసలేలును అతని తోటి పనివారును ఆజ్ఞాపింపబడిన ప్రకారము వాటిని ముగించిరి. మోషే అహరోనును దగ్గరకు తీసికొనివచ్చి, మొదట నీళ్లతో కడిగి, తరువాత ఆ వస్త్రములను తొడిగించెను. కడుగబడుట ముందు, ధరింపబడుట తరువాత: కృపయొక్క క్రమము ఇదియే.

కుమారుని ఉద్యోగము కొరకు, కుమార్తె వివాహము కొరకు, రోగి స్వస్థత కొరకు ఏండ్లతరబడి కనిపెట్టుచున్న గృహములు కలవు. వారి నిట్టూర్పు అవిశ్వాసము కాదు. ఆలస్యము నిజముగా బాధించును. అయితే కొండమీది నిశ్శబ్దము మరపు కాదు. అలసి దారి తప్పినవాడు సహితము తిరిగి వచ్చినయెడల, అతనిని కడుగుటకు నీళ్లును, అతని పేరిట వస్త్రమును ఇంకను ఉన్నవి.

తలంపు: మనుష్యుడు విసిగిన దినమున కూడ దేవుని పని ఆగదు.

ప్రార్థనాంశము: దీర్ఘకాలము కనిపెట్టుచు నలిగియున్న కుటుంబములు.