కారే తొట్టి

తెలుగులో ‘బాగుచేయడం’ అనే మాటతో ఒక చిక్కుంది. తిరగని ఫ్యాన్‌ని బాగుచేస్తాం. ఊరిని బాగుచేస్తామని ఓట్లూ అడుగుతారు. మొదటిది, వస్తువుని అదివరకు ఉన్నట్టు చేయడం. రెండోది, అదివరకు లేనట్టు చేయడం. రెంటికీ మనకి ఒకటే మాట. పోయిన వేసవిలో, పలమనేరులో మా నాయన కట్టిన నీళ్ళతొట్టిని నేను బాగుచేశాను. ఏ అర్థంలో చేశానో ఇప్పటికీ తేలడం లేదు.

తొట్టి గొప్పదేం కాదు. పెరట్లో ప్రహరీగోడని ఆనుకుని, గుండ్రంగా, ఐదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. ఇటుకలూ సిమెంటూ. మధ్యలో మట్టి హంస. బెంగుళూరు రోడ్డు మీద పోతూ పలమనేరు మట్టిబొమ్మలు చూసినవాళ్ళు ఆ హంసని వెంటనే గుర్తుపడతారు. పైకెత్తిన దాని ముక్కులోంచి సన్నటి ధార లేచేది. మోటరు లేదు. మిద్దెమీది ట్యాంకు నుంచి దిగిన అరంగుళం పైపు తొట్టి అడుగున దూరి, హంస ముక్కు దగ్గర పాత పంపుస్టవ్వు నుంచి పీకిన ఇత్తడి నిపిల్‌తో ముగుస్తుంది. ట్యాంకులో నీటిమట్టం ఎంత ఎత్తులో ఉంటే ధార అంతకి లోపే లేస్తుంది. పైపులో రాపిడికి పోయింది పోగా మాకు మూడడుగులు దక్కేది. చుట్టాలొస్తే నాయన వాల్వు తిప్పేవాడు. పొంగిన నీళ్ళు అంచున చెక్కిన గాడిలోంచి కొబ్బరిచెట్టు పాదులోకి పోయేవి. అంటే చెట్టుకి పోయే నీళ్ళే దారిలో కాసేపు ఆడుకునేవి, అంతే.

వెయ్యడుగులు దించినా బోరులోంచి దుమ్ము లేచే తావు ఇది. ఇట్లాంటి చోట చూసుకోవడానికి నీళ్ళేమిటని అమ్మ అప్పట్లోనే అడిగేది. ఆయన మాట్లాడకుండా కొబ్బరిచెట్టు వైపు వేలు చూపించేవాడు.

నాయన పోయాక నిపిల్ మూసుకుపోయి ధార ఆగింది. అమ్మ మాత్రం పిచ్చుకలు తాగుతాయని రోజూ తొట్టి నింపుతూనే ఉండింది. అది కారుతూనే ఉండింది. బెంగుళూరు నుంచి శని ఆదివారాలు వచ్చే నాకు ఆ తొట్టి ఖాళీగా కనపడటమే గుర్తు. మేస్త్రీని పిలిస్తే ‘పగలగొట్టి కొత్తది కట్టుకోండి సార్, దీన్నెందుకు’ అన్నాడు. ఆ మాటకి పౌరుషం వచ్చింది. నేనే చేస్తానన్నాను.

ముందు అది కారుతోందా, ఎండకి ఆవిరవుతోందా తేలాలి. తొట్టి నింపి, అందులోనే ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి నిలబెట్టాను. ఎండ రెంటికీ ఒకటే కదా. పొద్దునకి బకెట్లో నీళ్ళు దాదాపు గీసిన గీత దగ్గరే ఉన్నాయి, తొట్టిలో నాలుగు వేళ్ళు దిగిపోయాయి. దిగి దిగి, మరుసటి వారానికి అడుగు నుంచి జానెడు ఎత్తులో ఆగాయి. ఆగినచోటే పగులు. ఆ మట్టం వెంబడి చుట్టూ నీలిమందు చుక్కలు వదులుతూ పోయాను. గోడవైపు ఒకచోట నీలం దారంలా సాగి సిమెంటులోకి దూరిపోయింది. ఆఫీసులో ఏ బగ్గు దొరికినప్పుడూ నాకింత సంతోషం కలగలేదు.

పగులు మీద పూత పూస్తే నిలవదు, ఉలితో వెడల్పు చేసి నింపాలి. కొడుతుంటే నాయన చేసిన పాత మరమ్మత్తులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నిటికంటే పైన ఎంసీల్ ముద్ద, దానిమీద గట్టిగా ఒత్తిన బొటనవేలి అచ్చు. దానికింద తారు. ఇంకా కింద తెల్లసిమెంటు. ఉలి కాసేపు ఆగిన మాట నిజం. అచ్చుని ఉంచితే పగులూ ఉంటుంది. కొట్టేశాను. ఒకపాలు సిమెంటు, మూడుపాళ్ళు ఇసుక, నీళ్ళు చొరకుండా కలిపే మందు. వారం తడపాలి, నేను తడిపింది రెండు రోజులు, తక్కినవి అమ్మ. కొత్త సిమెంటు నీళ్ళలోకి సున్నం వదులుతుంది, చేపలు బతకవు. అందుకని నాలుగుసార్లు నింపి వాకిట్లో చల్లేశాం. ఆ ఎండల్లో ఆ నీళ్ళు చల్లుతుంటే అమ్మ ముఖం నేను చూడలేదు. ఆ తర్వాత దోమలు పెరక్కుండా గప్పీలు వదిలాం.

తొట్టి నిలిచింది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదేమో. ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వాట్ల చిన్న మోటరు కొన్నాను. ఇప్పుడు తొట్టిలో నీళ్ళే హంస ముక్కులోంచి లేచి మళ్ళీ తొట్టిలో పడతాయి. రోజంతా ధార. అంచున గాడి ఇక అక్కర్లేదు కాబట్టి దాన్నీ పూడ్చేశాను. చుక్క వృథా కాదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను.

పాడైన బావినో చెరువునో ఉద్ధరించినవాడికి దాన్ని తవ్వించినవాడి ఫలమే దక్కుతుందని ధర్మశాస్త్రాలంటాయి. సప్తసంతానాల్లో కొడుకుతోపాటు తటాకాన్నీ లెక్కేశారు. ఆ లెక్కన తొట్టి నాకు తమ్ముడు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించి వేయించింది. మంచి చెరువుకి ఏమేం ఉండాలో చెప్పి, ఆరు దోషాలు కూడా చెబుతుంది. కట్టలోంచి నీళ్ళు కారడం ఒక దోషం. ఇది చదివినప్పుడు నా పనికి ఆరున్నర శతాబ్దాల నాటి ధ్రువీకరణ దొరికిందనుకున్నాను. అదే జాబితాలో ఇంకో దోషం ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. దాన్ని పట్టించుకోలేదు.

రెండు నెలల తర్వాత పక్కింటత్త గోడమీంచి పలకరించింది.

‘నీళ్ళు నిలిచినాయా నాయనా?’

‘చుక్క కారడం లేదత్తా.’

‘మంచిదే’ అనింది.

ఆ ‘మంచిదే’ ఎంత పొడిగా ఉందో నాకు తెలీలేదు. అమ్మకి తెలిసింది. గోడ అవతల అత్త చేమగడ్డల మడి ఉండేది. చేమకి వేళ్ళకింద ఎప్పుడూ తడి ఉండాలి. ఇరవై ఏళ్ళకి పైగా ఆ తడి మా తొట్టి పగులుది. ఏటా చేటెడు గడ్డలు మా ఇంటికొచ్చేవి, పులుసు పెట్టుకుని తిన్నాం. అవి ఎక్కడ పండుతాయని నేను ఒక్కసారీ అడగలేదు. ఈ ఏడు చేట రాలేదు.

నాయన తెలిసే పగులు వదిలేశాడా? కథ రాస్తే అట్లాగే రాసేవాణ్ణి. అమ్మనడిగాను. ‘అదేం లేదు. మూడు తూర్లు పూసినాడు, చేతగాక వదిలేసినాడు’ అంది. అంటే ఇందులో దానం లేదు, దాత లేడు. ఒకరి చేతగానితనం మీద ఇంకొకరి మడి పచ్చగా ఉంది, అంతే. అలా ఎవరూ ఇవ్వకుండా అందినదాని మీద హక్కు పుడుతుందా? 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా అనుభవించిన దారికీ వెలుతురుకీ హక్కు ఇస్తుంది. కారే తొట్టికి దాన్ని ఏ వకీలూ వర్తింపజేయడనుకుంటాను, అత్తా ఆ మాటెత్తే మనిషి కాదు. కానీ నా వాదన నాకే ఎదురొచ్చింది.

శ్రీశైలం వెనకజలాల్లో మల్యాల దగ్గర మొదలయ్యే హంద్రీ-నీవా నీళ్ళు వందల కిలోమీటర్లు పంపులెక్కుతూ వచ్చి, అనంతపురం వైపు దాటుకుని మా దిక్కున కుప్పం చేరాలి. 2025లో కాలువకి సిమెంటు లైనింగ్ వేస్తుంటే ఎగువన రైతులు వద్దన్నారు. కాలువలోంచి ఇంకే నీళ్ళతోనే మా బోర్లు బతుకుతున్నాయి, పూడిస్తే మేమేం కావాలన్నారు. మాది చివరి కొస. ఎగువన ఇంకిపోతే మాకు రావు. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో నేను లైనింగ్ పక్షాన గట్టిగానే వాదించాను. ‘లీకేజీ మీద హక్కేమిటి?’ అన్న వాక్యం నాదే. ఇప్పటికీ ఆ వాక్యం పూర్తిగా తప్పని అనలేను. కుప్పంలో మనుషులకీ గొంతు తడవాలి. కాకపోతే అది రాసేటప్పుడు నాకు కాలువ కనపడిందిగానీ, గోడ అవతల ఉన్నవాళ్ళు కనపడలేదు.

తొట్టికి ఒక కొళాయి పెట్టి వారానికోసారి నీళ్ళు అటు వదులుదామనుకున్నాను. చేపలున్న నీళ్ళు, మడికి ఎరువు కూడా. అమ్మ ఒప్పుకోలేదు. ‘అప్పుడు ఆమె నిన్ను అడగాల కదా’ అంది. అదీ అసలు సంగతి. పగులు ఉన్నన్నాళ్ళు అత్త ఎవరినీ అడగలేదు, ఎవరికీ మొక్కలేదు. ఆ చేట గడ్డలు కృతజ్ఞత కాదు, ఇరుగుపొరుగుతనం. నా కొళాయితో అవే నీళ్ళు నా దయ అవుతాయి. నేను బెంగుళూరులో మరిచిపోతే ఆ వారం దయ ఉండదు.

చివరికి పాత పగులు ఉన్నచోటే, జానెడు ఎత్తులో, గోడకి బెజ్జం కొట్టి పైపు దూర్చాను. కొళాయి గోడ అవతలి వైపు బిగించాను. ఎంత తిప్పినా నీళ్ళు జానెడు మిగులుతాయి, చేపలకి ప్రమాదం లేదు. మోటరుకి మాత్రం ఆ లోతు చాలదు. అత్తకి చెబితే ‘నాకెందుకు నాయనా ఇదంతా’ అనింది, రెండు వారాలు ముట్టుకోలేదు.

మొన్న బుధవారం మీటింగులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

‘నీళ్ళు దిగిపోయినాయిరా. మోటరు గుయ్యిమంటా ఉండాది, హంస పలకడం లేదు. ఆమెకి చెప్పమంటావా?’

మోటరు ఆపేయమన్నాను.