ఏ దురాత్మతో మా పోరాటం?

విశ్వాసంలో నిలబడాలె, దురాత్మల్ని ఎదిరించాలె. చిన్నప్పటి నుంచి మా వాడ మందిరంలో వింటున్న మాట ఇది. నిలబడడం మాకు కొత్త కాదు. దొర ముందు చెప్పులు చేతపట్టుకొని నిలబడ్డోళ్లం. ఊరి బాయి కాడ ఎవరన్నా చేదిపోస్తరేమోనని దోసిలి పట్టి నిలబడ్డోళ్లం. అందుకే నాకు అడగాలనిపిస్తుంది. మమ్మల్ని ఎదిరిస్తున్న ఆ ఆత్మ ఏది? అది ఎక్కడుంటది?

మాది మూడు జిల్లాల కుటుంబం. అమ్మ పుట్టింది మానుకోట పక్క. నేను పెరిగింది జనగామ పక్క. తమ్ముడు బతుకుదెరువుకు పోయింది భూపాలపల్లి బొగ్గుబాయికి. 2016 దాకా ఇదంతా ఒక్క వరంగల్ జిల్లానే. ఎక్కడికి పోయినా మేం మాదిగలమే, ఎక్కడికి పోయినా కిరస్తానపోళ్లమే.

అమ్మ వాళ్ల నాయిన డోర్నకల్ బిషప్ అజరయ్య కాలంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి చేరిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో చనిపోయేదాకా ఆయన కాలంలో మాల మాదిగ జనం వాడలు వాడలుగా సంఘంలో చేరారు. 1939లో ప్రతిష్ఠ అయిన డోర్నకల్ మందిరంలో హిందూ గుళ్ల తీరు స్తంభాలున్నాయి, మసీదు తీరు గుమ్మటాలున్నాయి. గుడి మెట్టు తొక్కనియ్యని జనం ఆ స్తంభాల నడుమ కూచుని దేవుణ్ని పిలిచారు.

బాప్తిస్మం అయినంక తాత పోచమ్మ పండక్కి డప్పు కొట్టనన్నాడు. చచ్చిన గొడ్డును మోయనన్నాడు. "అమ్మోరికి కోపమొస్తది, ఊరికి గత్తరొస్తది" అన్నారట ఊరోళ్లు. గత్తర రాలేదు. కూలి బందయింది. కళ్లం కాడ గింజలు బందయినయి. దేవత కోపం దేవత చేతుల్తో రాలేదు, పటేలు చేతుల్తో వచ్చింది.

పోచమ్మను నేను తిట్టను. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ మా అవ్వలు మొక్కిన తల్లులు. కానీ ఆ ఎల్లమ్మ పేరు చెప్పే మా ఆడపిల్లల్ని జోగినీలను చేశారు. 1988లో చట్టం తెచ్చి నిషేధించాల్సి వచ్చింది. తాత ఎదిరించింది తల్లిని కాదు, తల్లి పేరు మీద మా ఒళ్లను ఎట్టికి పట్టిన పెత్తనాన్ని.

అందుకే పోచమ్మ గుడిలో సాతాను ఉన్నాడని ఉపవాస కూటాల్లో కేకలేస్తుంటే నాకు మింగుడుపడదు. ఎఫెసు సంఘానికి రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు చెప్పింది వేరు. పోరాటం మనుషులతో కాదు, చీకటిని నడిపించే పెత్తనాలతో అని ఆయన మాటల సారం. పెత్తనం అంటే ఏందో జనగామోళ్లకు చెప్పాల్నా? విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ఒరిగిపోయిన కడివెండి ఇక్కడే ఉంది. దేశ్‌ముఖులు పోయారు, కులం పోలేదు. మనిషి చచ్చినా చావకుండా ఇంకో మనిషిలో జొరబడేదే కదా దురాత్మ! ఆ పేరు కులానికి తగినట్టు ఇంకదేనికి తగుతుంది?

అది మందిరంలోకీ జొరబడింది. మాలోళ్ల సంఘం, మాదిగోళ్ల సంఘం, రెడ్డి కిరస్తానపోళ్ల సంఘం. బల్ల కాడ అందరం ఒక్కటే, పెండ్లి కాడ మాత్రం కులం. మతం మారినోళ్లకు కులం పోయిందా అని అంబేడ్కర్ అడిగింది ఇదే. ఆయన 1956లో బౌద్ధం తీసుకున్నాడు. మరి మీరింకా అక్కడెందుకున్నరని ఉద్యమ మిత్రులు నన్నడుగుతారు. అడగాల్సిందే. డప్పు కిందికి దించే ధైర్యం మా తాతకు అక్కడ దొరికింది. దాన్ని కులం పట్టిన సంఘపెద్దలకు అప్పజెప్పి నేను ఎల్లిపోను.

ఇక కాయితం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మమ్మల్ని కలపలేదు. మాకిచ్చింది బీసీ-సీ, ఒక్క శాతం. ఈ ముడి తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా తీయలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. మతం మారితే కులం లేదని కోర్టు చెప్తది. ఆ సంగతి మా ఊరికి ఎవరూ చెప్పలే. తిట్టేటోడు మతం అడిగి తిడతడా?

నా కాయితం మీద బీసీ-సీ. తమ్ముడి కాయితం మీద హిందూ మాదిగ. ఆదివారం ఇద్దరం మందిరంలోనే ఉంటాం. తమ్ముడు క్రీస్తును ఎరుగనన్న పేతురని ఒక పాస్టరు అన్నాడు. నేనొప్పుకోను. పిల్లల సదువును ఒకదిక్కు, నిజాన్ని ఒకదిక్కు పెట్టి ఏదో ఒకటే తీసుకోమన్నది సర్కారు. ఆ తక్కెడ పట్టినోన్ని అడగకుండా, దాని ముందు నిలబెట్టినోన్ని దోషి అంటే ఎట్ల?

అయినా అందులో నొప్పి లేదనను. "పెద్దనాయినా, బడిలో మనం ఎవరమని చెప్పాలె?" అని తమ్ముని బిడ్డ అడిగింది. "ఇంట్ల ఏమున్నమో అదే చెప్పు బిడ్డా" అన్నాను. తమ్ముడు నా దిక్కు చూసి మాట్లాడలేదు. నా మాటకు ఖర్చు కట్టాల్సింది వాడు. నిజం చెప్పే ధర బడికి పోయే పిల్ల మీద పడొద్దు. ఆ ధర మనం, పెద్దోళ్లం, సంఘాలోళ్లం కట్టాలె.

విశ్వాసంలో నిలబడడమంటే నాకు తెలిసింది ఇది. మోకాళ్ల మీద ప్రార్థన చేద్దాం. లేచినంక మూడో పేరా తీసెయ్యమని కొట్లాడుదాం. మాల, మాదిగ అని గీసుకున్న గీతల్ని మన మందిరాల్లోనే ముందు తుడుద్దాం. ఆ పిల్ల బడిలో తన పేరు చెప్పినంత సులువుగా తన దేవుని పేరు, తన వాడ పేరు రెండూ చెప్పాలె.