నీటి మాట ముందు, చెట్టు తరువాత



తొలకరి పడగానే మన నగరంలో ఒక మంచి అలవాటు కనిపిస్తోంది. రాయదుర్గం, మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో పనిచేసే యువతీయువకులు ఒక శనివారం సెలవును వదులుకొని, బస్సుల్లో చేవెళ్ల, శంకరపల్లి వైపు పల్లెలకు వెళ్తున్నారు. రైతుల పొలంగట్ల మీద వేప, కానుగ, నేరేడు, చింత వంటి మన నేల మొక్కలు నాటి, సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. మన విచారణల పిల్లలు కూడా వారిలో ఉన్నారు. ఇది మంచి పని. ఆ మాట ముందుగా ఒప్పుకొని, ఒక చిన్న ప్రశ్న అడగాలనిపిస్తుంది. ఆ మొక్కకు వచ్చే వేసవిలో నీళ్ళు పోసేది ఎవరు?

రాయదుర్గం కూడా ఒకప్పుడు పల్లెటూరే. అక్కడి దుర్గం చెరువు నీరు కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు అందేది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. 2025 అక్టోబరులో జరిగిన ప్రభుత్వ వేలంలో అక్కడి భూమి ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. అంత ధర పలికే నేలమీద మర్రిమొక్క నాటేవారెవరు? దగ్గరలోనే ఉన్న కంచ గచ్చిబౌలిలో అదే ఏడాది 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైతే, విద్యార్థులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపివేయించింది. మన బ్రతుకుతెరువు కోసం చెట్లు పోయింది ఇక్కడ. మనం మొక్కలు నాటుతున్నది ముప్పై నలభై కిలోమీటర్ల అవతల, ఇంకొకరి పొలంలో. ఇది దానమా? లేక మన బాకీని రైతు పద్దులో రాయడమా?

రైతు వైపునుంచి ఒకసారి చూడండి. వేప, కానుగ ఒకసారి వేరూనితే ఎండకు తట్టుకుంటాయి. కానుగ ఆకు పొలానికి ఎరువు, వేపగింజల కషాయం పురుగుకు మందు. ఇవన్నీ మనకంటే రైతుకే బాగా తెలుసు. అయితే గట్టుమీది చెట్టు ఏపుగా పెరిగితే, నీడ పడినంత మేర పత్తి గిడసబారుతుంది. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయి పశువులకే నీళ్ళు చాలనప్పుడు మొక్కకు బిందె నీళ్ళు ఎక్కడనుంచి తెస్తాడు? మేకలు తినకుండా ముళ్ళకంప కట్టాలి. రేపు చెట్టు అడ్డమైతే కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఇక కౌలురైతు సంగతి చెప్పనక్కరలేదు. నేలే తనది కాదు, చెట్టు తనదెలా అవుతుంది? ఇలాంటి రైతు "మొక్కలు వద్దు బాబూ" అంటే, ప్రకృతి విలువ తెలియనివాడని మనం అనుకోవచ్చునా?

"సగం బ్రతికినా మేలే కదా, మన ఉద్దేశం మంచిదే కదా" అని మీరు అనవచ్చు. ఉద్దేశం మంచిదే. కాని పేద ఇంటికి గేదెను దానమిచ్చి, గడ్డి సంగతి అడగకుండా వచ్చేస్తే ఆ దానం ఎవరిమీద పడుతుంది? పుణ్యం మనకు, బరువు ఇంకొకరికి అయితే, అది సోదరప్రేమ అనిపించుకోదు.

ఆదికాండము 21వ అధ్యాయంలో అబ్రహాము బేర్షెబాలో ఒక చెట్టు నాటిన సంగతి మనం చదువుతాం. అతడు ఆ దేశంలో పరదేశి. నాటడానికి ముందు ఏమి చేశాడో గమనించండి. బావి విషయంలో తగవు ఉంటే, ఆ దేశపు రాజు అబీమెలెకుతో కూర్చుని మాట్లాడాడు. ఏడు గొఱ్ఱెపిల్లలను ఇచ్చి, ప్రమాణం చేసి, నీటి సంగతి తేల్చుకున్నాడు. ఆ తరువాతనే చెట్టు నాటాడు. నాటి వెళ్ళిపోలేదు, చాలాకాలం ఆ దేశంలోనే ఉన్నాడు. లేవీయకాండము 19వ అధ్యాయంలోనూ, పండ్లచెట్టు నాటినవాడు మూడేండ్లు దాని పండు ముట్టరాదని, నాలుగవ ఏటి పండు దేవునిదని ఉంది. నాటినవాడు ఓపిక పట్టాలని ఆనాడే చెప్పారు.

మన తెలుగునేల మీద అటువంటి ఓపిక చూపిన మనిషి ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యగారు. వనజీవి అని లోకం పిలుచుకున్నది. వేసవిలో గింజలు ఏరి, వానలకు నాటేవారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూసేవరకు ఆయన జీవితం మొక్కలతోనే గడిచింది. ఆయనకు చెట్లు ఒక్క శనివారం పని కాదు.

పోపు ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో భూమి గోడును, పేదల గోడును కలిపి వినమన్నారు. పొలంగట్టు మీద ఆ రెండూ ఒకేచోట వినిపిస్తాయి.

కనుక ఈసారి మీ విచారణ యువజనులు మొక్కలతో బయలుదేరేముందు, ఇద్దరు పెద్దలు వెళ్ళి రైతు ఇంటి అరుగుమీద కూర్చోవాలి. ఏ చెట్టు కావాలి, ఏ గట్టున కావాలి, అసలు కావాలా అని అడగాలి. వెయ్యి మొక్కలు వద్దు. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కటి చాలు. కంపకు, నీళ్ళకు మూడు వేసవుల ఖర్చు మనమే పెట్టుకోవాలి. తపస్సుకాలం ఎండలు ముదిరే వేళకే వస్తుంది. ఉపవాసంతో మిగిల్చిన డబ్బుకు అంతకంటే మంచి దారి ఏముంది? అలాగే మన గుడి ఆవరణలో, సమాధులతోటలో ఉన్న పాత చెట్టును వాహనాలు నిలపడానికని కొట్టేయబోతే, వద్దని చెప్పే ధైర్యం కూడా మనకు ఉండాలి.

అక్టోబరు 4 అసీసిపుర ఫ్రాన్సిస్ వారి పండుగ. ఆనాడు పిల్లలను తీసుకొని, మీరు నాటిన మొక్కను చూసి రండి. మొక్కతోపాటు ఆ రైతు కుటుంబం క్షేమం కూడా కనుక్కోండి. వారి పేరు మీకు తెలియకపోతే, ముందు అది తెలుసుకోండి.